ఖరగ్‌పూర్ గేటు ముందు: పార్టీలూ ప్రాంతాలూ

కొత్తగా పుట్టిన గణతంత్రంలో పార్టీలు ఉండటం ఎంత సహజమో, ప్రాంతాల మధ్య పేచీలు ఉండటమూ అంతే సహజం. పార్టీల గీతలూ ప్రాంతాల గీతలూ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ సాగినంతకాలం ఆ దేశం తన తగాదాలను మాటలతో, బేరసారాలతో తీర్చుకోగలుగుతుంది. ఏనాడైతే ఒక ప్రాంతమంతా ఒక పార్టీ, ఇంకో ప్రాంతమంతా ఇంకో పార్టీ అయిపోతుందో, ఆనాటినుంచి ఎన్నికంటే ఒక ప్రాంతం మరో ప్రాంతాన్ని ఓడించడమేనని జనం అనుకోవడం మొదలవుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలు తమ మొదటి డెబ్బై ఏళ్ళ చరిత్రలో ఈ సంగతిని అపారమైన రక్తం ధారపోసి తెలుసుకున్నాయి. 1950లో గణతంత్రమైన భారతదేశం దాదాపు అదే ప్రశ్నను భాషా రాష్ట్రాల రూపంలో ఎదుర్కొంది. తెలుగువారి వైపునుంచి ఆ ప్రశ్నను పరిశీలించేటప్పుడు సాధారణంగా కర్నూలు, గుంటూరు, హైదరాబాదు గుర్తుకొస్తాయి. ఆ హద్దులకు బయట, పశ్చిమ బెంగాల్‌లో, తెలుగువాళ్ళు నూరేళ్ళకు పైగా స్థిరపడి ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుంచి చూస్తే అదే కథ మరింత స్పష్టంగా కనబడుతుంది.

ఖరగ్‌పూర్‌ను పట్టణంగా నిలబెట్టింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, జనం నోట బి.ఎన్.ఆర్., పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్ళలో నాగ్‌పూర్ వైపునుంచి వచ్చే దారినీ, కటకం వైపు వెళ్ళే దారినీ, హౌరాకు చేరే దారినీ ఇక్కడ కలిపింది. 1904 నాటికి ఇక్కడ పెద్ద వర్క్‌షాపు నెలకొంది. బెజవాడ నుంచి కటకం దాకా ప్రభుత్వం వేసిన ఈస్ట్ కోస్ట్ రైల్వేలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బి.ఎన్.ఆర్. చేతికి రావడంతో, నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య ఒకే కంపెనీ పట్టాలు పరుచుకున్నాయి. వాన ముఖం చాటేసిన ఏడాది పొలం నమ్ముకోలేని కుటుంబానికి ఆ పట్టాలే దారి చూపాయి. గ్యాంగుల్లో, లోకో షెడ్డులో, వర్క్‌షాపులో పనికి కుదిరిన తెలుగువారు రైల్వే క్వార్టర్లలోనూ నింపురా, మథురాకాటి వంటి పేటల్లోనూ స్థిరపడ్డారు. వారి పక్క గుమ్మంలో బెంగాలీ, ఎదురు వరసలో ఒడియా, ఆపైన బీహారీ, పంజాబీ, తమిళ కుటుంబాలు ఉండేవి. అందువల్లనే ఈ ఊరికి మినీ ఇండియా అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు మర్యాదకు పెట్టింది కాదు, అక్కడి వీధికి సరిపోయే వర్ణన.

రైల్వే వర్క్‌షాపులో కార్మికుడికి గుర్తింపు అతని టికెట్ నంబరు. పొద్దున సైరన్ కూత ఆగేలోపు గేటు దాటి, బోర్డుకు వేలాడే బిళ్ళల్లో తన నంబరున్నదాన్ని అందుకుని పనిలో పడాల్సి వచ్చేది. ఆలస్యమైతే జీతంలో కోత తప్పేది కాదు. ఆ బిళ్ళ మీద ఒక అంకె ఉండేది, మహా అయితే షాపు గుర్తు ఉండేది. ఎత్తుకున్న మనిషి ఏ ఊరివాడో, ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో దాని మీద ఎక్కడా ఉండేది కాదు. రాజకీయ శాస్త్రం పెద్ద మాటల్లో చెప్పే విషయాన్ని ఈ చిన్న లోహపు బిళ్ళ ఉన్నదున్నట్టు చూపుతుంది: ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాడికీ మేదినీపూర్ పల్లెనుంచి వచ్చినవాడికీ వేర్వేరు గతాలు ఉన్నా, సైరన్ ముందూ ఫోర్‌మన్ ముందూ ఇద్దరిదీ ఒకటే పక్షం.

ఆ పక్షానికి రాజకీయ రూపం 1927లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కేంద్రంగా బి.ఎన్.ఆర్. సమ్మె జరిగింది. అది ముగిసిన కొద్ది నెలలకే కంపెనీ రిట్రెంచ్‌మెంట్ పేరుతో, అంటే ఖర్చు తగ్గింపు పేరుతో ఉద్యోగాల కోతకు దిగడం, కార్మికులు ఎదురు తిరగడం, యాజమాన్యం గేట్లు మూసి లాకౌట్ ప్రకటించడం వరసగా జరిగిపోయాయి. ఈ కార్మికులకు నాయకత్వం వహించినవారిలో ప్రముఖుడు వరాహగిరి వెంకటగిరి. ఆయన 1894లో బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ ఊరు 1936లో ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. మనిషి కదలకపోయినా అతనికింద హద్దు ఎలా కదులుతుందో ఆయన జీవితంలోనే ఉంది. తొలగింపుకు గురైనవారి పక్షాన గిరి నడిపిన పోరాటం తెలుగువాళ్ళ కోసం తెలుగువాడు చేసిందిగా మిగిలిపోకపోవడమే దాని బలం. గేట్ మీటింగ్‌లో, అంటే షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేటు ముందు జరిగే సభలో, ఒక్క భాష వారితో సమ్మె నిలబడదన్నది ఖరగ్‌పూర్‌లో యూనియన్ పెట్టిన ప్రతివారికీ మొదటిరోజే అర్థమయ్యే విషయం. మిగతా భాషల వాళ్ళు పనిలోకి వెళ్ళిపోతే ఆ సాయంత్రానికే సమ్మె అయిపోతుంది.

పార్టీ గీతలు ఆ గేటు దగ్గర గీసుకోలేదని కాదు, గట్టిగానే గీసుకున్నాయి. 1929లో నాగ్‌పూర్‌లో జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జరిగిన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఎ.ఐ.టి.యు.సి.) సభలో, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కార్మిక కమిషన్‌ను బహిష్కరించాలా వద్దా అన్న వాదం మీద సంస్థ చీలింది, ఎన్.ఎం. జోషీ, గిరి వంటి మితవాదులు విడిపోయి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. 1947లో కాంగ్రెస్ వారు ఐ.ఎన్.టి.యు.సి.ని, 1948లో సోషలిస్టులు హింద్ మజ్దూర్ సభను స్థాపించారు. రైల్వేలోనూ ఆ చీలికల ప్రకారమే రెండు పెద్ద సమాఖ్యలు స్థిరపడ్డాయి. చీలిక వల్ల కార్మికుడి బేరసారాల శక్తి తగ్గిందన్న విమర్శలో నిజముంది. అయితే ఈ చీలికలన్నీ సిద్ధాంతం మీద, పార్టీ మీద, కొన్నిసార్లు వ్యక్తుల మీద జరిగాయి తప్ప భాష మీద జరగలేదన్నది ఇక్కడ ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. ప్రతి యూనియన్‌కూ ప్రతి భాషలోనూ సభ్యులు కావలసి వచ్చారు. దానివల్ల తెలుగువాళ్ళు అన్ని జెండాల కింద కనిపించారు, ప్రతి జెండా కిందా తెలుగువారి మాట వినక తప్పలేదు.

అమెరికా కథలోనూ ఒక దశ వరకూ ఇదే ఏర్పాటు నడిచింది. ఆ గణతంత్రం పుట్టిన కొత్తలో స్వాతంత్ర్య యుద్ధకాలపు అప్పులు పెద్ద తగాదా అయ్యాయి. రాష్ట్రాలు చేసిన అప్పులను కేంద్రమే నెత్తిన వేసుకోవాలని ఖజానా కార్యదర్శి అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదించగా, తన అప్పులో ఎక్కువ భాగం అప్పటికే తీర్చేసిన వర్జీనియా వంటి దక్షిణాది రాష్ట్రం, ఇతరుల బాకీ తామెందుకు మోయాలని అడ్డుపడింది. 1790 జూన్‌లో న్యూయార్క్‌లోని థామస్ జెఫర్సన్ బసలో హామిల్టన్, వర్జీనియా నాయకుడు జేమ్స్ మాడిసన్ భోజనానికి కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు: అప్పుల బిల్లుకు దక్షిణాది అడ్డు తొలగుతుంది, బదులుగా దేశ రాజధాని పదేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉండి ఆపైన వర్జీనియా పక్కన పోటోమాక్ నది ఒడ్డుకు వెళుతుంది. నేటి వాషింగ్టన్ నగరం ఆ భోజనాల బల్ల దగ్గర కుదిరిన బేరానికి ఫలితం.

తెలుగువారికి ఈ సంఘటన చదివినప్పుడు శ్రీబాగ్ గుర్తుకు రాక మానదు. 1937 నవంబరు 16న మద్రాసులో, ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇల్లయిన శ్రీబాగ్‌లో, కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే సంఖ్యలోనూ చదువులోనూ నీటి వసతిలోనూ ముందున్న కోస్తా తమను మింగేస్తుందన్న భయం సీమలో ఉండగా, ఆ భయం తీరకపోతే రాష్ట్రమే రాదన్న అవసరం కోస్తాకు ఉంది. నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని హైకోర్టులలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకే ఇవ్వడం అందులోని ముఖ్యాంశాలు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షకు దిగిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలాక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఒడంబడిక ప్రకారమే కర్నూలు రాజధాని అయింది, తరువాతి ఏడు హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో, రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. ఇక్కడ రెండు ఒప్పందాల తేడాను గట్టిగా చెప్పుకోవాలి. అమెరికా నాయకులు తమ బేరాన్ని ఆ ఏడాదే చట్టంగా మార్చారు, రాజధాని నది ఒడ్డున రాళ్ళతో నిలబడింది. శ్రీబాగ్ పెద్దమనుషుల మాటగానే ఉండిపోయింది, కర్నూలు పొందిన రాజధాని మూడేళ్ళ ముచ్చట అయింది. ఆ బాధ సీమలో ఈనాటికీ ఆరలేదనడానికి ఇటీవలి రాజధాని వివాదాల్లో శ్రీబాగ్ పేరు ఎన్నిసార్లు వినిపించిందో గుర్తు చేసుకుంటే చాలు.

భాషా రాష్ట్రాల ఏర్పాటు జరిగిన ఆ కాలంలో ఖరగ్‌పూర్ తెలుగువారి స్థితి విచిత్రమైనది. తమ భాషకు రాష్ట్రం వస్తోంది, అందులో తాము ఉండరు. అప్పుడే పశ్చిమ బెంగాల్‌లో మరో వివాదం రేగింది: 1956 జనవరిలో ముఖ్యమంత్రి విధానచంద్ర రాయ్, బీహార్ ముఖ్యమంత్రి శ్రీకృష్ణ సిన్హాతో కలిసి రెండు రాష్ట్రాలనూ విలీనం చేయాలని ప్రతిపాదించారు. వామపక్షాలు దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాయి. కలకత్తా వాయవ్య లోక్‌సభ స్థానానికి జరిగిన ఉపఎన్నికలో వారి మద్దతుతో నిలబడిన మోహిత్ మైత్ర గెలిచాక ఆ ప్రతిపాదనను ప్రభుత్వం వెనక్కు తీసుకుంది. ఒక ప్రాంతీయ ప్రశ్న బ్యాలట్ పెట్టెలో తేలిపోయి, దానితోనే చల్లారిన అరుదైన సందర్భం ఇది. అదే ఏడాది ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాష్ట్రాలకు చెప్పింది. దేశంలో ఏ గీత ఎలా గీసినా కొందరు తప్పకుండా అవతలి పక్క పడతారని రాజ్యాంగాన్ని సవరించినవారు ఒప్పుకున్నారనడానికి ఈ అధికరణమే సాక్ష్యం. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళకు దీనికంటే దగ్గరి అధికరణం మరొకటి లేదు.

అమెరికా అలాంటి గీతను 1820లో గీసింది. మిస్సోరీ రాజీగా పేరుపొందిన ఆ ఏర్పాటులో, మిస్సోరీ రాష్ట్రాన్ని మినహాయించి, 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన ఉన్న కొత్త భూభాగంలో బానిసత్వం ఉండరాదని నిర్ణయించారు. ఆ తరువాత పుట్టిన డెమొక్రాట్ పార్టీకీ, విగ్ పార్టీకీ ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ శాఖలు ఉండటం వల్ల, ఇరు ప్రాంతాల నాయకులు ఒకే పార్టీ గదిలో కూర్చుని తగువులు సర్దుకున్నారు. ఈ సర్దుబాటును మెచ్చుకునేముందు ఒక్కమాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఆ బేరాలన్నింటిలో అమ్ముడుపోయింది లక్షలాది నల్లజాతి బానిసల జీవితం, వారిలో ఒక్కరికీ ఆ గదిలో కుర్చీ లేదు. పార్టీలు దేశాన్ని కలిపి ఉంచాయి; కలిపి ఉంచిన దానిలో అన్యాయాన్ని కూడా కలిపి ఉంచాయి. 1854లో కన్సాస్-నెబ్రాస్కా చట్టం పాత గీతను చెరిపేసి, బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి నివాసులే తేల్చుకోవాలన్నప్పుడు విగ్ పార్టీ ఉత్తర దక్షిణాలుగా చీలి కూలిపోయింది. ఉత్తరాదిలోనే వేళ్ళూనిన రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1860లో డెమొక్రాట్లు కూడా రెండుగా చీలి ఇద్దరు అభ్యర్థులను నిలిపారు. ఆ ఎన్నికలో దక్షిణాదిలోని చాలా రాష్ట్రాల్లో ఒక్క ఓటు కూడా పడకుండానే అబ్రహాం లింకన్ అధ్యక్షుడయ్యారు. డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోతున్నట్టు ప్రకటించింది. ఆ తరువాత నాలుగేళ్ళ యుద్ధం.

తెలుగునేల మీద ఆ ప్రమాదం 1969లో తొంగిచూసింది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణ ఆదాయ మిగులును తెలంగాణలోనే ఖర్చు పెట్టాలనీ, ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ ఉండాలనీ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి రావాలనీ చెప్పింది. మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి కొలువులో ఉపముఖ్యమంత్రి పదవే లేదు. ఆ నిర్లక్ష్యాలు పేరుకుని 1969లో తెలంగాణ ఉద్యమం పెల్లుబికింది, యువకులు తుపాకీ గుళ్ళకు బలయ్యారు. అదే ఏడు ఆగస్టులో దేశం రాష్ట్రపతి ఎన్నిక చూసింది. కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా సంజీవరెడ్డి, ఇందిరాగాంధీ అండతో స్వతంత్రుడిగా ఖరగ్‌పూర్ సమ్మెల నాయకుడు గిరి, ఇద్దరూ తెలుగువారే, ఎదురెదురుగా నిలిచారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ తేలింది. ఆ నవంబరులో కాంగ్రెసే రెండుగా చీలింది. గమనించవలసింది ఏమంటే, అంత పెద్ద చీలిక కూడా తెలుగువారినో మరో భాషవారినో ఒక పక్కకు నెట్టలేదు. రాష్ట్రాల్లో, జిల్లాల్లో రెండు కాంగ్రెస్‌లు తయారయ్యాయి.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఒక ప్రాంతం పూర్తిగా ఒక పార్టీ అవడానికి అంతకంటే దగ్గరికి రావడం కష్టం. అయినా ఆ ఏడాది గడవకముందే సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ముల్కీ నిబంధనల మీద, అంటే ఉద్యోగాల్లో స్థానికత నియమాల మీద, సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కోస్తా, సీమల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. సమితి విలీనాన్ని ద్రోహంగా చూసినవారి ఆవేదన నిజమైనదే, వారి ప్రత్యేక తెలంగాణ ఆశయం నెరవేరడానికి 2014 జూన్ 2 దాకా ఆగవలసి వచ్చింది. అయితే విగ్ పార్టీ కూలిన అమెరికాలో అసంతృప్త ప్రాంతానికి తలుపు తట్టడానికి ఉమ్మడి ఇల్లు మిగల్లేదు. ఇక్కడ ఆ ఇల్లు ఎంత పాతబడినా నిలిచే ఉంది.

ఖరగ్‌పూర్ విషయానికి మళ్ళీ వస్తే, 1974 మే 8న జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వాన దేశమంతటా రైల్వే సమ్మె మొదలై మే 27 దాకా సాగింది. ప్రభుత్వం వేలాదిమందిని జైళ్ళలో పెట్టింది, క్వార్టర్లు ఖాళీ చేయించింది. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. 1927లో ఏ పట్టణంలో తొలగింపులకు ఎదురు నిలిచారో ఆ పట్టణపు కార్మికుల కొడుకులు, మనవలు ఇప్పుడు సమ్మెలో ఉండగా, వారిని అణచిన ఆదేశాలు ఆయన అధినేతగా ఉన్న రాజ్యం పేరునే వెలువడ్డాయి. రాజ్యాంగం రాష్ట్రపతికి ఇచ్చిన అధికారం ఎంతో తెలిసినా, ఈ వైరుధ్యం చరిత్ర చదివేవారి మనసును కలుక్కుమనిపించక మానదు.

శాసనసభ ఎన్నికల్లోనూ ఈ పట్టణం తన తీరునే చూపింది. కమ్యూనిస్టు నాయకుడు నారాయణ్ చౌబే ఇక్కడినుంచి శాసనసభకూ, ఆపైన 1980లో మేదినీపూర్ నుంచి లోక్‌సభకూ వెళ్ళారు. సిక్కు కుటుంబానికి చెందిన కాంగ్రెస్ నాయకుడు జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్, పట్టణం నోట చాచా, పదిసార్లు శాసనసభ్యుడయ్యారు. రాష్ట్రాన్ని లెఫ్ట్ ఫ్రంట్ ఏలుతున్న దశాబ్దాల్లో కూడా ఆయన గెలుస్తూనే వచ్చారు. సిక్కుల ఓట్లు మాత్రమే నమ్ముకుంటే అక్కడ వార్డు గెలవడం కూడా కష్టం. 2016లో ఆయనను బి.జె.పి. అభ్యర్థి దిలీప్ ఘోష్ ఓడించడంతో ఆ శకం ముగిసింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. బడిలో, దరఖాస్తులో, సర్కారు కాగితంలో తమ అక్షరం కనబడాలన్న ఖరగ్‌పూర్ తెలుగువారి పాత కోరికకు అది జవాబు. నిర్ణయం వచ్చిన వేళ ఎన్నికల ముందటిదన్న మాట వాస్తవం. అందులో తప్పు పట్టవలసింది లేదు, ఒక అల్పసంఖ్యాక సమూహం అడిగినదాన్ని ఓటు కోసమైనా ఇవ్వక తప్పని స్థితి పార్టీలకు ఉండటమే ప్రజాస్వామ్యం పనిచేసే పద్ధతి. 2021 ఎన్నికల్లో ఖరగ్‌పూర్ సదర్ స్థానాన్ని తృణమూల్ కాంగ్రెస్‌ను ఓడించి బి.జె.పి. గెలుచుకుంది, ఆధిక్యం నాలుగు వేల ఓట్ల లోపే. ఆ స్థానంలో పోటీ ఇంత దగ్గరగా ఉన్నంతకాలం, నింపురాలోనైనా మథురాకాటిలోనైనా తెలుగు గడప తొక్కకుండా వెళ్ళగలిగే జెండా ఏదీ లేదు.